జాతి వివక్షపై ఐక్యరాజ్యసమితి ఒప్పందాలు ఉత్త కాగితాలేనా?

మీ ప్రశ్నను కుదించి చెబితే ఇది: "జాతి వివక్షను నిర్మూలిస్తామని 1965లోనే ప్రపంచ దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. దాదాపు అందరూ చేరారు. అయినా అమెరికాలో నల్లజాతివాళ్లు పోలీసుల చేతిలో చనిపోతూనే ఉన్నారు, గల్ఫ్‌లో మనవాళ్ల బతుకులు పెద్దగా మారలేదు, ఇక్కడ కులం పేరుతో దాడులు ఆగలేదు. మరి ఆ ఒప్పందాల వల్ల ఉపయోగం ఏముంది?" గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నానని కూడా రాశారు. పరీక్షకు పనికొచ్చే తేదీలు మధ్యమధ్యలో ఉంటాయి. కానీ నేను హైదరాబాద్‌లో లాయర్‌ని, ఎక్కువగా అట్రాసిటీ కేసులు చూస్తాను, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీలు కూర్చునే జెనీవాకు పంపే నివేదికలు తయారుచేయడంలో కూడా పనిచేశాను. అందుకని ఆ వైపు నుంచే జవాబిస్తాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. అవి ఉత్త కాగితాలు కావు, వాటివల్ల జరిగిన మేలు నేను కళ్లారా చూశాను. కానీ పని సగంలో ఆగిపోయింది. ఎక్కడ ఆగిందని వెతికితే ప్రతిసారీ ఒకే చోట తేలుతుంది. పక్క దేశంలో వివక్ష జరిగితే ప్రపంచ సమస్య అంటారు, తమ దేశంలో జరిగితే "ఇది మా అంతర్గత వ్యవహారం" అంటారు. అమెరికా అలాగే అంది, దక్షిణాఫ్రికా అలాగే అంది, మన దేశమూ అలాగే అంది. ఒప్పందాల్లో ఉన్న లోపాలు చాలావరకు ఈ ఒక్క మాట చుట్టూ అల్లుకున్నవే.

కొంచెం వెనక్కి వెళ్దాం. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక 1919లో పారిస్‌లో, ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితికి నిబంధనలు రాస్తున్నారు. జాతుల మధ్య సమానత్వం అనే సూత్రాన్ని అందులో చేర్చమని జపాన్ అడిగింది. ఆ నిబంధనలు రాసే కమిషన్‌లో 17 ఓట్లుంటే 11 అనుకూలంగా పడ్డాయి. అధ్యక్ష స్థానంలో ఉన్న అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్, ఇలాంటి విషయానికి ఏకాభిప్రాయం కావాలంటూ దాన్ని తోసిపుచ్చాడు. ఆస్ట్రేలియాకు శ్వేతజాతి వలస విధానం ఉంది, బ్రిటన్‌కు వలస రాజ్యాలున్నాయి, అమెరికాలో నల్లవాళ్లను వేరుగా ఉంచే దక్షిణాది రాష్ట్రాలున్నాయి. మెజారిటీ వచ్చినా సూత్రం మాత్రం రాలేదు. ఈనాటి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఏళ్ల తరబడి నడిచిన జెనీవా భవనానికి పాలే విల్సన్ అని ఆయన పేరే ఉంది. అక్కడికి వినతిపత్రాలు పట్టుకుని వెళ్లేవాళ్లలో చాలామందికి ఈ చరిత్ర తెలియదు. తెలియాలి.

1945లో ఐక్యరాజ్యసమితి చార్టర్ వచ్చింది. జాతి, లింగ, భాష, మత భేదం లేకుండా అందరికీ మానవ హక్కులు అని మొదటి అధికరణంలోనే రాశారు. రెండో అధికరణం ఏడో క్లాజులో మాత్రం దేశాల అంతర్గత విషయాల్లో సమితి జోక్యం చేసుకోదని రాశారు. తర్వాతి ఎనభై ఏళ్ల గొడవంతా ఈ రెండు వాక్యాల మధ్యే జరిగింది.

మొదటి గొడవ పెట్టింది ఎవరో తెలుసా? మనమే. 1946లో, ఇంకా పూర్తి స్వాతంత్ర్యం కూడా రాకముందే, దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద జరుగుతున్న వివక్షపై భారత్ సర్వసభ్య సభలో ఫిర్యాదు చేసింది. ఆ ఏడాదే దక్షిణాఫ్రికా ప్రభుత్వం అక్కడి భారతీయులు ఎక్కడ భూమి కొనాలో, ఎక్కడ ఉండాలో కట్టడి చేస్తూ ఒక చట్టం తెచ్చింది. నాటాల్ చెరకు తోటల్లో పనికి 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కిన కూలీల పిల్లలు, మనవలు ఆ దెబ్బ తిన్నవాళ్లలో ఉన్నారు. వాళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు, 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మన ప్రతినిధి బృందానికి విజయలక్ష్మీ పండిట్ నాయకత్వం. ఎదుట ఉన్నది దక్షిణాఫ్రికా ప్రధాని జాన్ స్మట్స్, సాక్షాత్తు చార్టర్ పీఠికకు తొలి చిత్తు రాసిన మనిషి. ఆయన వాదన ఒక్కటే: ఇది మా అంతర్గత విషయం, కావాలంటే అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అడగండి. సభ ఒప్పుకోలేదు. 1946 డిసెంబర్ 8న 32 ఓట్లు మనకు, 15 వ్యతిరేకంగా పడ్డాయి, 7 దేశాలు తటస్థంగా ఉన్నాయి. మూడింట రెండొంతుల మెజారిటీతో తీర్మానం గెలిచింది. వివక్ష ఏ ఒక్క దేశం సొంత గొడవా కాదని ఐక్యరాజ్యసమితిలో తొలిసారి ఒప్పించింది భారతదేశమే. ఈ విషయం గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ అవసరం పడుతుంది.

దాదాపు అదే సమయంలో అమెరికా నల్లజాతి సంఘాలు కూడా సమితి తలుపు తట్టాయి. 1946లో ఒక సంఘం ఇచ్చిన వినతిపత్రం గురించి తెలిసి అంబేడ్కర్ నల్లజాతి మేధావి డు బోయిస్‌కు ఉత్తరం రాశారు. అంటరానివాళ్ల పరిస్థితికీ అమెరికా నల్లవాళ్ల పరిస్థితికీ చాలా పోలిక ఉందని, ఆ వినతిపత్రం ప్రతి కావాలని అడిగారు. మరుసటి ఏడాది, 1947లో, డు బోయిస్ ఆధ్వర్యంలోనే ఎన్ఏఏసీపీ అనే నల్లజాతి హక్కుల సంఘం మరో పెద్ద అర్జీ సమర్పించింది. అమెరికా ప్రతినిధి బృందం దానికి మద్దతు ఇవ్వలేదు, చర్చకే రానివ్వలేదు. అసలు ఆ ఏడాది మానవ హక్కుల కమిషన్ ఏం తేల్చుకుందంటే, హక్కుల ఉల్లంఘనపై వచ్చే ఫిర్యాదుల మీద చర్య తీసుకునే అధికారం తనకు లేదని. వేలమంది రాసిన అర్జీలు ఫైళ్లలో పడుకున్నాయి. ఈ పరిస్థితి మారడానికి, ఫిర్యాదులను పరిశీలించే వీలు కల్పించిన 1967, 1970 తీర్మానాల దాకా ఆగాల్సి వచ్చింది. అంటే రెండు దశాబ్దాలు.

మరి 1965 ఒప్పందం ఎలా వచ్చింది? ఆఫ్రికా దేశాలు వరసగా స్వాతంత్ర్యం పొంది సభలోకి వచ్చాయి. 1960 మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పాస్ చట్టాలకు (నల్లవాళ్లు ఎప్పుడూ అనుమతి పత్రం వెంట ఉంచుకోవాలనే చట్టాలు) నిరసన తెలుపుతున్న నల్లవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. అదే కాలంలో యూరప్‌లో యూదుల ప్రార్థనా స్థలాల మీద స్వస్తిక గుర్తులు గీయడం మళ్లీ మొదలైంది. ఈ ఒత్తిడితో పని వేగంగా నడిచింది. 1965 డిసెంబర్ 21న జాతి వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని సభ ఆమోదించింది, 1969 జనవరి 4 నుంచి అమల్లోకి వచ్చింది. ఈరోజు 180కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. భారత్ 1968లోనే ఆమోదించింది. మార్చి 21ని అంతర్జాతీయ జాతి వివక్ష నిర్మూలన దినంగా జరుపుకోవడం షార్ప్‌విల్ వల్లే.

దక్షిణాఫ్రికా విషయంలో మాత్రం ప్రపంచం చివరిదాకా నిలబడింది. 1973లో వర్ణవివక్షను మానవత్వంపై నేరంగా ప్రకటించే ప్రత్యేక ఒప్పందం, 1977లో భద్రతా మండలి తప్పనిసరి ఆయుధ నిషేధం, క్రీడా బహిష్కరణ, ఆర్థిక ఆంక్షలు వచ్చాయి. 1994లో అందరికీ ఓటుహక్కుతో ఎన్నికలు జరిగాయి. ఆ దేశ ప్రజల పోరాటమే ప్రధానం, అందులో సందేహం లేదు. కానీ బయటి ఒత్తిడి లేకుంటే ఇంకెంతకాలం పట్టేదో. అక్కడ పని పూర్తయింది, ఎందుకంటే దక్షిణాఫ్రికాను తప్పుపట్టడానికి చాలా దేశాలకు సొంత ఖర్చేమీ లేదు. ఖర్చున్న బ్రిటన్, అమెరికా లాంటివి ఆఖరిదాకా నాన్చాయి.

ఇప్పుడు ఒప్పందం లోపల ఏముందో చూద్దాం. 18 మంది నిపుణుల కమిటీ ఉంటుంది. రెండేళ్లకోసారి ప్రతి దేశం నివేదిక ఇవ్వాలని తొమ్మిదో అధికరణం చెబుతుంది. కమిటీ ఆ నివేదికను చదివి, ప్రభుత్వ ప్రతినిధులను రెండు పూటలు ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నిస్తుంది. తర్వాత సిఫార్సులు రాస్తుంది. ప్రభుత్వం చెప్పనివి చెప్పడానికి సంఘాలు షాడో రిపోర్టులు పంపుతాయి. నేను పనిచేసింది వీటి మీదే.

ఆ పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ప్రకాశం జిల్లా వైపు ఒక ఊళ్లో బోరు దగ్గర నీళ్లు పట్టుకునే వరసలో గొడవ వచ్చి, ఒక దళిత మహిళను కులం పేరుతో తిట్టి కొట్టారు. ఆమె ఫిర్యాదు ఇచ్చింది. ఎఫ్ఐఆర్‌లో కొట్టారని ఉంది, తిట్టిన మాటలు లేవు. ఆ మాటలు లేకపోతే అట్రాసిటీ సెక్షన్ల బలం సగం పోతుంది. తర్వాత తహసీల్దార్ ఆఫీసు నుంచి కుల ధ్రువీకరణ పత్రం రాలేదని ఫైలు ఆగింది. 2015 సవరణ ప్రకారం 60 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. గడువు దాటిపోయింది. అవతలివాళ్లు రాజీకి రమ్మని ఆమె అన్నదమ్ముల మీద ఒత్తిడి తెచ్చారు, ఎందుకంటే ఆ అన్నదమ్ములు అవతలివాళ్ల పొలాల్లోనే కూలికి వెళ్లాలి. ఈ కథ మొత్తం షాడో రిపోర్టులో రెండు లైన్లకు కుదించాల్సి వస్తుంది, పేజీల పరిమితి ఉంటుంది కాబట్టి. ఆమె "నా మాట అక్కడిదాకా పోతుందా?" అని అడిగింది. పోతుందని చెప్పాను, అది నిజమే. ఆ మాటకు బదులు చెప్పాల్సినవాళ్లు అక్కడికి వచ్చి కూర్చుంటేనే దానికి విలువ, అదీ అంతే నిజం.

ఇక్కడే ఒప్పందం బలహీనత కనిపిస్తుంది. నివేదిక ఇవ్వకపోతే శిక్ష లేదు. భారత్‌ను ఈ కమిటీ విచారించింది 2007 ఫిబ్రవరిలో. తర్వాతి నివేదిక 2010కి ఇవ్వాలి, అది ఏళ్ల తరబడి పెండింగ్‌లోనే ఉండిపోయింది. వ్యక్తులు నేరుగా కమిటీకి ఫిర్యాదు చేసుకునే వీలు 14వ అధికరణంలో ఉంది, కానీ దేశం విడిగా ఒప్పుకుంటేనే అది వర్తిస్తుంది. ఒప్పుకున్నవి 60కి అటూఇటూగా ఉంటాయి, వాటిలో భారత్ లేదు, అమెరికా లేదు. దేశాల మధ్య తగాదా వస్తే అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లొచ్చని 22వ అధికరణం చెబుతుంది. దానికి అన్ని పక్షాలూ ఒప్పుకోవాలని మనం షరతు పెట్టాం. అమెరికా 1994లో ఆమోదిస్తూ, దేశీయ చట్టం చేస్తే తప్ప మా కోర్టుల్లో ఇది నేరుగా చెల్లదని రాసుకుంది. అందరూ ఇంట్లోకి రమ్మన్నారు, ఒక్కో గదికి మాత్రం తాళం వేసుకున్నారు.

ఇక అందరూ అడిగే కులం సంగతికి వస్తాను. ఇది కొంచెం విడమరిచి చెప్పాలి.

ఒప్పందం మొదటి అధికరణం ప్రకారం జాతి, రంగు, వంశపారంపర్యం, జాతీయ లేదా తెగ మూలం ఆధారంగా చూపే తేడా వివక్ష కిందకు వస్తుంది. ఇందులో వంశపారంపర్యాన్ని చేర్చమని 1965లో సవరణ ప్రతిపాదించింది భారతదేశమే. తర్వాత కమిటీ దీన్ని లోతుగా పరిశీలించి 2002 ఆగస్టులో 29వ సాధారణ సిఫార్సు ఇచ్చింది. పుట్టుకతో అంటగట్టే హోదా, కులం లాంటి వ్యవస్థలు ఇందులోకి వస్తాయని స్పష్టంగా చెప్పింది. భారత ప్రభుత్వం మాత్రం కులం జాతి కాదు కాబట్టి ఈ ఒప్పందం కిందకు రాదనే వాదన పట్టుకుంది.

దానికి ఏడాది ముందు, 2001 ఆగస్టు 31 నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాత్యహంకారంపై ప్రపంచ మహాసభ జరిగింది. అవే నాటాల్ తీరాలు, ఒకప్పుడు మనవాళ్లు ఓడలు దిగిన రేవు. దేశం నలుమూలల నుంచి దళిత సంఘాలు వెళ్లాయి, మన తెలుగు రాష్ట్రాల నుంచీ వెళ్లారు. వాళ్లు అడిగింది తుది పత్రంలో కులవివక్ష మీద ఒక్క పేరా. భారత ప్రభుత్వం గట్టిగా అడ్డుపడింది. రాజ్యాంగంలోనే అంటరానితనం నిషేధించాం, చట్టాలున్నాయి, ఇది ఈ సభలో తేలే విషయం కాదంది. పేరా పోయింది. 1946లో స్మట్స్ చేసిన వాదనను 2001లో ఆయన దేశంలోనే మన ప్రభుత్వం చేసింది. ఇది చదివిన ప్రతిసారీ నాకు బాధేస్తుంది.

అవతలి వాదననూ న్యాయంగా చెప్పాలి. సామాజిక శాస్త్రవేత్త ఆంద్రే బెతే లాంటివాళ్లు కులాన్ని జాతితో సమానం చేయడం శాస్త్రీయంగా తప్పని అప్పట్లోనే అన్నారు. అంబేడ్కర్ కూడా కులానికి జాతి మూలం ఉందన్న సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను. కానీ ఒప్పందం అడుగుతున్నది రక్తం గురించి కాదు. పుట్టుక ఆధారంగా మనిషిని తక్కువ చేయడం జరుగుతోందా లేదా అన్నదే ప్రశ్న. కులం జాతి కాదని వాదించి గెలిచినా బోరు దగ్గర దెబ్బలు తిన్న ఆ మహిళకు ఒరిగేదేమీ లేదు.

2006 డిసెంబర్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ ఢిల్లీలో ఒక సభలో మాట్లాడుతూ అంటరానితనానికి దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ఒక్కటే పోలిక అన్నారు. ఆ మాట అనడానికి ధైర్యం కావాలి, ఆయన్ని గౌరవిస్తాను. రెండు నెలలు తిరగకుండానే జెనీవాలో మన బృందం పాత వాదనే వినిపించింది. కమిటీ ఒప్పుకోలేదు. ఆ ఏడాది సిఫార్సుల్లో చేతులతో మలం ఎత్తే పని గురించి, అట్రాసిటీ కేసుల్లో శిక్షలు పడకపోవడం గురించి, మతం మారిన దళితులు రిజర్వేషన్ కోల్పోవడం గురించి, సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం గురించి, విముక్త జాతుల మీద (బ్రిటిష్ కాలంలో నేరస్థ జాతులని ముద్ర వేసినవాళ్ల మీద) వాడే అలవాటు నేరస్థుల చట్టాల గురించి రాసింది.

శిక్షల సంగతి ఎందుకు రాసిందో చుండూరు చూస్తే తెలుస్తుంది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టించుకున్నారు. 16 ఏళ్లకు, 2007 జులై 31న, తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఆ తర్వాత అప్పీళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. చట్టం ఉంది కదా, బయటివాళ్లెందుకు అని అడిగేవాళ్లకు నేను ఈ తేదీలు వరసగా చెబుతాను.

డర్బన్ గురించి ఇంకొక్క ముక్క. అక్కడ ఓడిపోయింది దళితులు మాత్రమే కాదు. పాలస్తీనా ప్రస్తావన మీద అమెరికా, ఇజ్రాయెల్ సెప్టెంబర్ 3న సభ వదిలి వెళ్లాయి. బానిస వ్యాపారానికి నష్టపరిహారం అన్న మాట రాకుండా యూరప్ దేశాలు కాపు కాశాయి. బానిసత్వం మానవత్వంపై నేరమని, ఎప్పుడూ అలాగే పరిగణించి ఉండాల్సిందని ఒప్పుకునేదాకా వచ్చి, పరిహారం దగ్గర ఆగారు. సభ ముగిసిన మూడు రోజులకే న్యూయార్క్‌లో జంట టవర్ల మీద దాడి జరిగింది. ప్రపంచం దృష్టి అటు మళ్లింది. డర్బన్‌లో రాసుకున్న కార్యక్రమం చాలా దేశాల్లో అటకెక్కింది.

మీరు అడిగిన గల్ఫ్ విషయం ఇంకా పెద్ద కంత. ఒకే సైటులో ఒకే పని చేసే ముగ్గురికి పాస్‌పోర్టును బట్టి మూడు జీతాలు ఉండటం జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ప్రతి ఊళ్లో తెలిసిన సంగతే. 2019లో ఖతార్ వెళ్లి చూసిన ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష ప్రత్యేక ప్రతినిధి టెండాయి అచియూమె, అక్కడ జాతీయ మూలం ఆధారంగా ఆచరణలో ఒక కుల వ్యవస్థే నడుస్తోందని రాశారు. కానీ కోర్టుకు వెళ్దామంటే ఒప్పందం మొదటి అధికరణం రెండో క్లాజు అడ్డొస్తుంది. పౌరులకూ పౌరులు కానివాళ్లకూ మధ్య దేశం చూపే తేడాలకు ఇది వర్తించదని అందులో ఉంది. పైగా 2021 ఫిబ్రవరి 4న ఖతార్, యూఏఈ కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం జాతీయ మూలం వేరు, ప్రస్తుత పౌరసత్వం వేరు అని 11-6తో తేల్చింది. పాస్‌పోర్టు చూసి తక్కువ జీతమిచ్చే యజమాని దేశానికి ఆ తీర్పు చాలా ఊరట.

వలస కార్మికుల కోసం విడిగా 1990లో ఒక ఒప్పందం చేశారు, 2003 నుంచి అమల్లో ఉంది. దాన్ని గల్ఫ్ దేశాలేవీ ఆమోదించలేదు, అమెరికా, పశ్చిమ యూరప్ దేశాలూ ఆమోదించలేదు. కార్మికులను పంపే దేశమైన భారత్ కూడా ఆమోదించలేదు. 2020లో మన విదేశాంగ శాఖే గల్ఫ్ వెళ్లేవాళ్ల కనీస వేతనాలను బాగా తగ్గిస్తూ సర్క్యులర్లు ఇచ్చింది. తెలంగాణ హైకోర్టులో పిల్ పడింది, సంఘాలు గొడవ చేశాయి, 2021లో వెనక్కి తీసుకున్నారు. ఆ పోరాటం చేసింది జెనీవా కాదు, మన ఊళ్ల నుంచి వెళ్లినవాళ్ల సంఘాలు.

అమెరికా గురించి క్లుప్తంగా చెబుతాను. 2020లో పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగాక ఆఫ్రికా దేశాలు మానవ హక్కుల మండలిలో అత్యవసర చర్చ పెట్టించాయి. అమెరికా మీదే ప్రత్యేక విచారణ వేయాలన్నది మొదటి చిత్తు. చర్చల్లో అది పలచబడి ఏ దేశం పేరూ లేని సాధారణ నివేదికగా మారింది. 2021లో పోలీసు వ్యవస్థల్లో జాతి వివక్ష మీద ఒక నిపుణుల బృందాన్ని వేశారు, ఆఫ్రికా సంతతి ప్రజల కోసం శాశ్వత వేదిక పెట్టారు. ఇవి చిన్నవి కావు. కానీ 1947 అర్జీ నాటి నుంచి లెక్కేస్తే ఇంతదూరం రావడానికి 70 ఏళ్లు దాటింది.

మరి ఉపయోగం ఏముందని మొదట్లో అన్నాను? నిజంగా చూసినవాటిలో రెండు చెబుతాను.

2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో జైలు మాన్యువళ్లలోని కుల నిబంధనలను కొట్టేసింది. వంట ఎవరు చేయాలి, పాకీ పని ఎవరు చేయాలి అన్నది ఖైదీ కులం చూసి పంచే నిబంధనలు చాలా రాష్ట్రాల్లో అప్పటిదాకా ఉన్నాయి. రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమంది, అలవాటు నేరస్థుడనే ముద్రను విముక్త జాతుల మీద వాడే తీరును తప్పుపట్టింది. మన దగ్గర ఎరుకల, యానాది కుటుంబాలకు ఈ ముద్ర అంటే ఏంటో స్టువర్ట్‌పురం పేరు విన్న ఎవరికైనా తెలుసు. ఒక జర్నలిస్టు పరిశోధన, మన రాజ్యాంగం, మన కోర్టు కలిసి సాధించిన విజయం ఇది. జెనీవా కమిటీ ఇదే సమస్యను 17 ఏళ్ల ముందే రాసి పెట్టింది. ఏళ్ల తరబడి అలాంటి రాతలు పోగుపడితే ప్రభుత్వం "ఇలాంటిదేమీ లేదు" అనలేని స్థితి వస్తుంది.

ఇంకోటి విదేశాల్లో. 29వ సాధారణ సిఫార్సు వచ్చాక కులవివక్ష దక్షిణాసియా దాటిన సమస్య అన్న గుర్తింపు పెరిగింది. బ్రిటన్ 2010 సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చే నిబంధన పెట్టుకుంది, 2018లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ వీటో చేశారు. ఈ రెండు చోట్లా మన తెలుగువాళ్లు అటూ ఇటూ రెండు వైపులా ఉన్నారు. శ్వేతజాతి అహంకారం తగిలినప్పుడు మనకు జరిగే అన్యాయాన్ని ప్రపంచం చూడాలంటాం. కులం మాట రాగానే మన సంస్కృతిని అవమానిస్తున్నారంటాం. అక్కడున్న నా బంధువులతో ఈ విషయం మీద చాలాసార్లు వాదన పడ్డాను, ఇంకా పడతాను.

హైదరాబాద్‌లోనూ అంతే. ఆఫ్రికా నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక కుర్రాడికి అద్దె ఇల్లు చూపించడానికి నేను వెంట వెళ్లాను. ఫోన్‌లో ఖాళీ ఉందన్న ఇల్లు, మనిషిని చూశాక "ఇప్పుడే అడ్వాన్స్ తీసుకున్నాం సార్" అయింది. పక్క వీధిలో ఇంకో ఇల్లు, అదే మాట. దీని మీద కేసు వేయడానికి చట్టం ఏదని అతను అడిగాడు. ప్రైవేటు ఇంటి యజమాని రంగు చూసి ఇల్లివ్వనంటే నేరుగా పట్టుకునే సమగ్ర వివక్ష వ్యతిరేక చట్టం మనకు లేదు. ఒప్పందం రెండో అధికరణం వ్యక్తులు, సంస్థలు చేసే వివక్షనూ ఆపమని 1969 నుంచి చెబుతూనే ఉంది. ఈశాన్య రాష్ట్రాల పిల్లల మీద దాడుల తర్వాత 2014లో బెజ్‌బరువా కమిటీ కూడా చట్టంలో మార్పులు అడిగింది. చట్టం ఇంకా రాలేదు.

కాబట్టి పరీక్షలో రాయాల్సి వస్తే ఒప్పందం "విఫలం" అనో "విజయం" అనో ఒక్క ముక్కలో తేల్చకండి. ఏ దేశం ఏ షరతు పెట్టిందో చూసి రాయండి.

పరీక్ష కోసమే కాకుండా నిజంగా ఏదైనా చేయాలనుంటే జెనీవా నుంచి కాదు, మీ జిల్లా నుంచి మొదలుపెట్టండి. అట్రాసిటీ నిబంధనలు, 1995 ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ ఉండాలి, మూడు నెలలకోసారి కూర్చోవాలి. ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర స్థాయి కమిటీ ఏడాదికి రెండుసార్లు కూర్చోవాలి. గత రెండేళ్లలో ఎన్ని సమావేశాలు జరిగాయి, మినిట్స్ ఇవ్వండి అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఎన్ని కేసుల్లో 60 రోజుల్లో ఛార్జిషీటు పడింది, ఎంతమందికి పరిహారం అందింది అని కూడా అడగండి. షాడో రిపోర్టులో ఒక్క లైను రాయడానికి మాకు కావాల్సింది సరిగ్గా ఇలాంటి కాగితాలే. చాలా జిల్లాల్లో అడిగినవాళ్లే లేరు. జవాబు వస్తే ఇక్కడే పెట్టండి, రాకపోయినా పెట్టండి. మొదటి అప్పీలు ఎలా వేయాలో నేను చెబుతాను.